తొమ్మిది నోట్‌బుక్కులు, ఒకటే తప్పు

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాద్దామనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను తరచూ అడిగేది ఒకటే: "దిద్దేవాళ్లు లేకుండా రోజూ ఆన్సర్లు రాస్తే ఉపయోగం ఉంటుందా అన్నా?" ఉంటుంది, సగం.

ద్వారకానగర్‌లోని పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని ఎనిమిది నెలలపాటు రోజుకు రెండేసి రాశాను. డబ్బు కట్టి రాస్తే ఆన్సర్లు దిద్దిపెట్టే టెస్ట్ సిరీస్‌కి డబ్బుల్లేవు. ఎవరికైనా చూపించాలంటే సిగ్గు. జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్లో 3 గంటలు, 20 ప్రశ్నలు కదా. 10 మార్కులవాటికి 7 నిమిషాలు, 15 మార్కులవాటికి 11 అని లెక్క వేసుకున్నాను. మొదట్లో 150 పదాలకే పావుగంట పట్టేది, వేళ్లు పీకేసేవి. నాలుగో నెలకల్లా వేగం దానంతటదే వచ్చింది. తెల్ల కాగితం చూస్తే పుట్టే టెన్షనూ పోయింది. ఇక్కడిదాకా ఎవరి సాయమూ అక్కర్లేదు.

మా రూమ్మేట్‌ది శ్రీకాకుళం దగ్గర పల్లె, బ్యాంకు పరీక్షలకు చదివేవాడు. ఒక రాత్రి కరెంటు పోతే, ఫోన్ వెలుతుర్లో ఊరికే నా నోట్‌బుక్ తిరగేశాడు. 'తుపాను ముందస్తు హెచ్చరికలు నగరాల్లో నష్టాన్ని ఎంతవరకు తగ్గించగలవు?' అన్నది ప్రశ్న. వైజాగ్‌వాడిని, హుద్‌హుద్ అంటే పెన్ను ఆగుతుందా! 2014 అక్టోబర్ 12న తీరం దాటిందనీ, పేరు ఒమన్ పెట్టిందనీ పేజీ నింపేశాను.

"బాగానే ఉంది గానీ, ఎంతవరకు అన్నాడు కదరా, అదేటి?" అన్నాడు.

హెచ్చరిక వింటే మనుషులు తప్పుకుంటారు. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, చెట్లు ఎక్కడికి పోతాయి? ఆ తుపాను తర్వాత చీకట్లో గడిపిన నాకు ఇది తెలియక కాదు, రాయలేదంతే. పాతవి తీసి చూస్తే తొమ్మిది నోట్‌బుక్కుల నిండా ఇదే వరస: సగం పేజీ చరిత్ర, చివర్లో హడావుడిగా జవాబు. రోజూ రాసి నేను గట్టిపరుచుకున్నది ఈ తప్పునే.

దిద్దేవాళ్లు దొరకని వాళ్లు ఇలా చేసి చూడండి. రాసిన ఆన్సర్‌ని పది రోజులు పక్కన పడేయండి. తర్వాత ప్రశ్న మీద చెయ్యి అడ్డం పెట్టి, జవాబు మాత్రం చదివి, ఏం అడిగి ఉంటారో చెప్పండి. నాకు మొదటి ఇరవైలో ఆరే తగిలాయి. అయితే, విషయమే తప్పుగా రాస్తే ఈ చిట్కా పట్టుకోదు. దానికి ఇంకొకరి కళ్లు కావాల్సిందే, ఆ మనిషి సివిల్స్‌వాడే కానక్కర్లేదు. మావాడు ఇప్పటికీ చూసిపెడుతున్నాడు, రెండు ఆన్సర్లకి ఒక టీ.