"ఎందుకు వెల్డ్ చేశావ్?"

మా యార్డు పెద్దాయన అడిగింది ఆ ఒక్క ముక్కే. గొంతు పెంచలేదు, చేతిలో టేపు కూడా కింద పెట్టలేదు, ట్రెయిలర్ వెనక వంగి నేను వేసిన అతుకు మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్ది "ఎందుకు వెల్డ్ చేశావ్?" అన్నాడు. నేను తల దించుకుని నిలబడ్డా. ఓ పది సెకన్లు అయ్యాక చూస్తే ఆయన ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు. మళ్లీ "ఎందుకు?" అన్నాడు. సారీ అన్నా. ఆయన విసుగ్గా తల అడ్డంగా ఊపి, గ్రైండర్ తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మీరే చెప్పండి, మనల్ని పెద్దవాళ్లెవరైనా "ఎందుకు చేశావ్ రా ఇలా" అంటే అది ప్రశ్నేనా? కాదు కదా. అది తిట్టు, కాకపోతే ప్రశ్న చొక్కా వేసుకుని వస్తుంది. దానికి జవాబు చెప్తే ఎదురు మాట్లాడుతున్నావా అని ఇంకో నాలుగు పడతాయి, అందుకని నోరు మూసుకుని నిలబడటమే మర్యాద అని చిన్నప్పుడే ఒంటికి పట్టేసింది. నేను మర్యాదగా ఉన్నాననుకున్నా. ఆయనకేమో నేను ఏదో దాస్తున్నట్టు కనబడ్డానట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది, దానికి ముందు ఆ ట్రెయిలర్ కథ చెప్పాలి, లేకపోతే తప్పు ఎవరిదో మీకు అర్థం కాదు (నాదే అనుకోండి, కానీ పూర్తిగా నాదే కాదు).

నేను చేసేది పడవల ట్రెయిలర్లు, అంటే పడవని ఎక్కించి బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఫ్రేములు, బాగుచేసే యార్డులో. బేరింగులు, లైట్లు, పడవని పైకి లాగే వించ్‌లు, పడవ అడుగు ఆనే పొడవాటి బంకులు, ఇవే రోజూ. ట్రెయిలర్ వెనక రెండు వైపులా నిలువుగా రెండు కడ్డీలు ఉంటాయి, వాటిని గైడ్ పోస్టులు అంటారు. పడవని నీళ్లలోంచి ట్రెయిలర్ మీదకి ఎక్కించేటప్పుడు పక్కగాలి కొట్టినా, ప్రవాహం తోసినా పడవ అటూ ఇటూ పోకుండా ఆ రెండిటి మధ్యలోకి వస్తుంది. ఇంకో పని కూడా ఉంది, అది నాకు రెండేళ్లు పనిచేసినా తెలీదు, ఆ ముచ్చట తర్వాత చెప్తా.

ఆ రోజు వచ్చిన ట్రెయిలర్‌కి ఉన్నవి ఎల్ ఆకారంలో వంచిన గుండ్రటి పైపులు, ఒక్కోదానికి ఒకే ఒక్క యు-బోల్టు. పడవ ఆనుకున్నప్పుడల్లా ఒక పోస్టు గడియారం ముల్లులా వెనక్కి తిరిగిపోతోందని, ఇంకోటి బయటికి తెరుచుకుంటోందని ఓనరు గోల. పెద్దాయన నాతో "వీటిని గట్టి చెయ్యి" అని చెప్పి వేరే పనిలోకి పోయాడు.

గట్టి చెయ్యి అంటే నా చెయ్యి ఎక్కడికి పోతుంది చెప్పండి. ఇక్కడికి రాకముందు ఎనిమిదేళ్లు గేట్లు, గ్రిల్సు, షెడ్లు చేసినవాణ్ణి. గట్టి అంటే వెల్డింగే. కదిలితే అది గట్టి ఎలా అవుతుంది? యు-బోల్టులు పీకేసి, మందపాటి ప్లేటు కోసి, పోస్టు మొదలు ఫ్రేముకి ఆనించి నాలుగు వైపులా ఫుల్ అతుకు వేసి, మూలల్లో తికోణం ముక్కలు కూడా పెట్టా. రెండు గంటల పని. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే ఫోటో తీసుకున్నా. ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, ఎవరికీ చూపించను.

ఆ రాత్రి చలి జ్వరం వచ్చింది, నోట్లో ఏదో తియ్యగా లోహం రుచి. ఎండలో తిరిగానేమో అనుకున్నా. మర్నాటి సాయంత్రానికి తగ్గిపోయింది. అది ఎండ దెబ్బ కాదని, ఫ్రేము మీదున్న గాల్వనైజింగ్, అంటే జింకు పూత, కాలిన పొగ పీల్చినందుకు వచ్చిందని తర్వాత తెలిసింది. జింకు 900 డిగ్రీలు దాటగానే ఆవిరైపోతుంది, ఉక్కు కరగాలంటే 1500 దాకా పోవాలి, అంటే మనం అతుకు వేసేసరికి ఆ చుట్టూ జింకు మొత్తం పొగై మన ఊపిరితిత్తుల్లోకే పోతుందన్నమాట. వెనకటి పనిలో నాకు దొరికేది ఎక్కువ నల్ల ఇనుమే, పైన పెయింటు వేసేవాళ్లం, అయిపోయేది. ఇక్కడ ఫ్రేముని మొత్తం కరిగిన జింకులో ముంచి తీస్తారు.

ముంచి తీస్తారు అన్నాను కదా, అసలు తిరకాసు అక్కడే ఉంది. ముంచితే జింకు పైపు బయటే కాదు, లోపల కూడా అంటుకుంటుంది. నేను బయట అతుకు వేశా, లోపలి జింకు కూడా కాలిపోయింది. బయట కాలిన చోట జింకు పెయింటు కొట్టుకోవచ్చు, మరి లోపల? ఆ గొట్టంలోకి చెయ్యి పోదు, బ్రష్షు పోదు. నీళ్లు మాత్రం పోతాయి, అదీ ఉప్పు నీళ్లు, నీళ్లలోకి వాలుగా దిగే ర్యాంపులో దించిన ప్రతిసారీ. లోపల్నించి తుప్పు తినుకుంటూ వస్తుంది, పైకి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంకా నయం, లైట్ల వైర్లు అవతలి గొట్టంలోంచి పోయాయి కాబట్టి సరిపోయింది, ఇవతల ఉంటే అవి కూడా కరిగేవి.

ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఇదే. గ్రైండర్ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మా పాత మేస్త్రి ఎందుకు అని ఒక్కనాడూ అడిగి ఎరగడు, నెత్తిన ఒకటి మొట్టేవాడు, కానీ నేను వేసిన ప్రతి అతుకు మీదా వేలు పెట్టి తడిమేవాడు, నా మణికట్టు పట్టుకుని రాడ్డు ఏ వాలులో ఉండాలో తనే తిప్పేవాడు. ఇక్కడ మొట్టికాయ లేదు నిజమే, ఆ చెయ్యి కూడా లేదు. ఇలా ఆ రోజు అతుకు కోసుకుంటూ లోపల్లోపల వాదించుకుంటూనే ఉన్నా. ఆ అతుకు కొయ్యడానికి వెయ్యడానికి పట్టినదానికి రెండింతలు పట్టింది, అంత గట్టిగా ఉంది మరి. ఆ ఒక్క సంతోషం మిగిలింది.

సాయంత్రం పెద్దాయన వచ్చి, కోసిన చోటు చూసి, ఏమనుకున్నాడో నేల మీద కూర్చున్నాడు. చాక్ తీసి గచ్చు మీద ఎల్ ఒకటి గీశాడు. "ఎందుకు వెల్డ్ చేశావ్?" మూడోసారి! ఈసారి నాకూ తిక్కరేగి చెప్పేశా, నువ్వు గట్టి చెయ్యి అన్నావ్, నాకు తెలిసిన గట్టి ఇదే, బోల్టు మీద నాకు నమ్మకం లేదు, బోల్టు వదులవుతుంది, అతుకు వదులవదు అని. ఉద్యోగం పోయిందనే అనుకున్నా. ఆయన "హా, అదీ సంగతి" అన్నాడు. ఆ మొహంలో ఏ కోశానా కోపం లేదు. "పొద్దున్నే ఇది చెప్పి ఉంటే పొద్దున్నే మాట్లాడుకునేవాళ్లం. నాకంటే నీ వెల్డింగ్ బాగుంటుంది, నాకు తెలీని కారణం ఏదైనా ఉందేమో అని అడిగా."

నేనేం మాట్లాడలేకపోయా.

తర్వాత గచ్చు మీద లెక్క. పోస్టు పైకొస ఫ్రేము నుంచి 1.2 మీటర్ల ఎత్తు. పడవ ఆనుకుని అక్కడ 50 కిలోల బరువుతో తోసిందనుకో. కింద పోస్టుని పట్టుకున్న రెండు బోల్టుల మధ్య దూరం 10 సెంటీమీటర్లయితే ఒక్కో బోల్టు మీద 600 కిలోలు పడుతుంది. అదే 30 సెంటీమీటర్లు ఎడం పెడితే 200. గునపంతో బండ లేపినట్టే, ఇక్కడ గునపం పోస్టు, మనం బండ వైపు ఉన్నాం. "గట్టితనం బోల్టులో లేదు, బోల్టుల మధ్య దూరంలో ఉంది" అన్నాడు. మరి వెల్డ్ చేస్తే ఆ బలం ఎటు పోతుంది? తిన్నగా ఫ్రేములోకి. పోస్టు వంగితే ఒక పైపు పోతుంది, అతుకు అంచున ఫ్రేము చీలితే ట్రెయిలరే పోతుంది. అసలు పోస్టు ఏ మాత్రం వంగకపోతే పడవకే దెబ్బ.

మర్నాడు ఇద్దరం కలిసి చేశాం. గుండ్రటి పైపు తీసేసి నలుపలకల గొట్టం, ఎందుకంటే గుండ్రటిది బోల్టులో ఎంత బిగించినా తిరుగుతుంది, ఆ గడియారం ముల్లు జబ్బు అక్కడిదే. ఎల్‌లో అడ్డంగా ఉండే చేతిని వెనక అడ్డదూలం కింద పడుకోబెట్టి, నలుపలకల యు-బోల్టులు రెండు, 30 సెంటీమీటర్ల ఎడంలో. నట్టు తిన్నగా గొట్టం మీద కూర్చోకుండా కింద 6 మిల్లీమీటర్ల ప్లేటు. నైలాన్ ఉన్న నట్లు, అవి అదురుకి వదులవవు. నేను పానా పట్టుకుని నా అలవాటు కొద్దీ ఒంటి బలమంతా పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. మరీ బిగిస్తే గొట్టం గోడ లోపలికి నొక్కుకుపోతుంది, ఇటు కొంచెం అటు కొంచెం మార్చి మార్చి బిగించాలి, ట్రెయిలర్ కాస్త దూరం తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి. (చెయ్యి పట్టుకున్నాడు అని రాశాను కదా, ఇప్పుడు చదువుకుంటే నాకే నవ్వొస్తోంది, పైన ఇక్కడ చెయ్యి పట్టుకునేవాళ్లు లేరని అంత ఏడిచాను.)

పోస్టు ఎక్కువ వంగేది దాని మొదలు దగ్గరే కాబట్టి నిలువు గొట్టంలోకి ఓ 60 సెంటీమీటర్ల లోపలి గొట్టం దూర్చాం. దాని పైకొసని నేను అడ్డంగా తిన్నగా కోస్తే, కాదు ఏటవాలుగా కొయ్యి అన్నాడు. తిన్నగా కోస్తే గట్టిగా ఉన్నది అక్కడ టక్కున ఆగిపోతుంది, ఆ గీత దగ్గరే పోస్టు విరుగుతుంది. ఏటవాలు అయితే గట్టితనం మెల్లగా తగ్గుతుంది. ఊతకడ్డీ ఎటు పెట్టాలని అడిగా. లోపలి వైపు పెడదామంటే పడవ ఉంది, బయటి వైపు పెడదామంటే వెడల్పు పెరిగి రోడ్డు మీద తంటా. అందుకని పొడవునా, పోస్టు నుంచి ఫ్రేము మీదకి ముందుకు వాలుగా, దాన్నీ బోల్టులతోనే. అది వెనక్కి పోకుండా ఆపుతుంది, పక్కకి పోకుండా ఆ రెండు బోల్టుల ఎడం ఆపుతుంది. అన్నిటికంటే కింద నీళ్లు కారిపోడానికి ఒక బెజ్జం.

పైన తెల్ల పీవీసీ గొట్టం తొడిగాం, పడవకి గీతలు పడకుండా. దానికీ ఒక చిన్న బోల్టు పెట్టాలి, లేకపోతే నీళ్లలో ఊడిపోతుంది. ఇక పడవ బంకుల మీద పూర్తిగా కూర్చున్నాకే పోస్టు చోటు కొలిచాం, ఒక్కో వైపు 25 మిల్లీమీటర్ల సందు వదిలి. సందు లేకపోతే దారి పొడుగునా అదురుకి పడవ గీసుకుంటూనే ఉంటుంది. పోస్టు పని పడవకి దారి చూపించడం వరకే, మొయ్యడం బంకుల పని.

ఆ శనివారం నన్ను ర్యాంపుకి తీసుకెళ్లి, ఖాళీ ట్రెయిలర్ నువ్వే వెనక్కి దించు అని బండి స్టీరింగ్ నాకిచ్చాడు. అద్దంలో చూస్తూ దించుతున్నా, నీళ్లు రాగానే ట్రెయిలర్ మాయం! ఎటు తిరిగిందో తెలీదు, గుండె గుభేలుమంది. అప్పుడు అద్దంలో రెండు తెల్ల కడ్డీలు నీళ్ల మీద నిలబడి కనిపించాయి, ఎడమది కొంచెం పైకొచ్చింది, స్టీరింగ్ తిప్పా, రెండూ సమానమయ్యాయి. ఇందాక చెప్తానన్న రెండో పని ఇదే. రెండేళ్లు వాటిని బిగించాను గానీ అవి డ్రైవరుకి ఏం చెప్తాయో ఎప్పుడూ సీట్లోంచి చూసింది లేదు.

పడవ ఆయన తెచ్చాడు. పక్కగాలి బాగానే ఉంది. పడవ వెనక భాగం జారి కుడి పోస్టుకి ఆనింది. పోస్టు రెండు వేళ్ల మేర వంగింది, నేను ఊపిరి బిగబట్టా, మెల్లగా మళ్లీ తన చోటికి వచ్చింది, పడవ మధ్యలోకి జారింది. నేను వెల్డ్ చేసింది అయితే వంగేది కాదు. ఆ టక్ మనే చప్పుడు నాకు ఊహలోనే వినిపించింది.

ఇన్ని నెలలైనా ఆ "ఎందుకు" మాత్రం నాకు పూర్తిగా ఒంటబట్టలేదు. ఎవరైనా అడిగితే ముందు మెడే వంగుతుంది, మాట తర్వాత వస్తుంది. మొన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా తమ్ముడు ఏదో పని మానేశానన్నాడు, ఎందుకురా అన్నా, నిజంగానే తెలుసుకుందామని. అటు నుంచి చప్పుడే లేదు. "సర్లే అన్నయ్యా, తప్పయిపోయింది" అన్నాడు కాసేపటికి. తిట్టలేదురా, అడిగా అంతే అని ఎంత చెప్పినా నమ్మడే.

పోయిన వారం ఆ ట్రెయిలరే బేరింగుల కోసం వచ్చింది. చక్రం దగ్గరికి పోవాల్సినవాణ్ణి తిన్నగా వెనక్కి పోయి కింద పడుకుని చూశా. బోల్టులు వదులవలేదు. నేను కాల్చిన చోట కొట్టిన జింకు పెయింటు అంచున గోరంత గోధుమరంగు మరక. దాన్ని గీకి, తుడిచి, పెయింటు డబ్బా తెచ్చుకుంటుంటే పెద్దాయన షెడ్డులోంచి అరిచాడు, "బేరింగులు కదా, వెనకెందుకు పడుకున్నావ్?"

"తుప్పు కనబడింది. లోపల కూడా ఉందేమో చూడాలి, టార్చ్ ఉంటే ఇవ్వు" అన్నా పడుకునే.