పదకొండు సెకండ్ల మేక

నిన్న సాయంత్రం సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది. వారం ఆగితే కోపం చల్లారిపోతుందని ఈరోజే రాస్తున్నా. సినిమా మా చిత్తూరు వైపు వీధినాటకం మేళం మీద. నిడివి గంటా నలభై రెండు నిమిషాలు, డబ్బు సొంతం, వెనకాల పెద్ద బ్యానరేమీ లేదు.

నాటకాలు వేయించే అలవాటున్నవాడికి సినిమా కాగితాలు కొరుకుడు పడవు. నాటకానికి తిరుపతిలో మహతి ఆడిటోరియమో, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రమో తారీఖు దొరికితే సగం పని అయినట్టే. మైకు, లైట్లు, మేకప్, మనిషికింత పారితోషికం, తెర దించేసరికి లెక్క తేలిపోతుంది. సినిమాలో షూటింగు రోజు వదిలేసిన కాగితం ఏడాది తర్వాత వచ్చి మెడ మీద కూర్చుంటుంది.

ఇబ్బంది లేనివి ముందు చెప్పేస్తా. టైటిల్ రిజిస్ట్రేషన్‌కు మూడు పేర్లు పట్టుకుని పోండి, మొదటిది ఎవరో ఒకరు ఎప్పుడో తీసుకునే ఉంటారు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ కాపాడే కట్టడం, అక్కడ షూటింగుకు ముందుగా లైసెన్సు కావాలి. చిన్న బడ్జెట్టుకు ఆ సీను రాసుకోకపోవడమే మేలు.

పద్యాల హక్కుల విషయంలో మాత్రం గొప్ప చెప్పుకుంటా, ఎందుకంటే అక్కడ మేం ఒక్క తప్పూ చేయలేదు. వీధినాటకంలో జనం అడిగారని మేళం వాళ్లు మధ్యలో స్టేజీ పద్యాలు కూడా ఎత్తుకుంటారు. తిరుపతి వేంకట కవుల పద్యం పడితే భయం లేదు. ఇద్దరు కలిసి రాసినదానికి, ఇద్దరిలో ఆఖరున పోయినాయన చనిపోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. చెళ్లపిళ్ల వారు పోయింది 1950లో, కాబట్టి 2010తో హక్కు తీరింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు పోయింది 1953లో, ఆయన హరిశ్చంద్ర పద్యాలకు 2013తో తీరింది. ఈ లెక్క కాగితం మీద రాసి, పద్యం మొదటి పాదం, రచయిత పేరు, పోయిన సంవత్సరం మూడు గళ్లలో పెట్టుకున్నాం. అయితే పద్యం ఫ్రీ అయింది కదా అని పాత రికార్డు వాడుకోకూడదు. రికార్డింగుకు వేరే హక్కు, దానికి వేరే లెక్క. మనవాళ్ల చేత పాడించి మనమే రికార్డు చేసుకోవాలి.

కళాకారుల ఒప్పందాలు తెలుగులోనే రాయించండి, చదివి వినిపించండి, డబ్బు ఇచ్చిన తర్వాతే సంతకం అడగండి. వేలిముద్ర వేసేవాళ్లకు ఇద్దరు సాక్షులు. మేళానికంతా కలిపి గురువు ఒక్కడి సంతకం తీసుకుంటే చాలదు, మద్దెల వాయించేవాడి దగ్గర కూడా విడిగా తీసుకోవాలి.

ద్రౌపదమ్మ గుడి దగ్గర జరిగే మహాభారత ఉత్సవాన్ని మావైపు భారతం అంటారు. నిజం భారతంలోనే షూట్ చేశాం. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడి వేషగాడు ఎక్కే తపస్సు మాను, చివరిరోజు దుర్యోధన వధ, అగ్నిగుండం. అక్కడ దెబ్బకొట్టేవి రెండు. ఒకటి లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, కెమెరా సెకండుకు 24 ఫ్రేములు. కెమెరా షటర్ కోణం 180 డిగ్రీలకు వదిలేస్తే ట్యూబులైటు వెలుగు తెరమీద వణుకుతుంది, 172.8 పెట్టాలి. సీరియల్ లైట్లలో చవక ఎల్‌ఈడీలు అప్పటికీ వణుకుతాయి, వాటికి మందు లేదు, ఫ్రేములోంచి తప్పించడమే. రెండోది మైకు సెట్టు. గుడి మీద సినిమా పాట మోగుతుంటే మాటలతోపాటు అదీ రికార్డవుతుంది. పాటకు, రికార్డుకు విడివిడిగా అనుమతి తెచ్చుకునే స్తోమత మనకుండదు. మైకు సెట్టు అబ్బాయికి ముందే ఐదొందలు ఇచ్చి అరగంట ఆపించండి. మా షూటింగులో బాగా ఖర్చుపెట్టిన ఐదొందలు అవే.

తెర వెనక భీముడి వేషగాడు బీడీ కాల్చే సీను స్క్రిప్టులో ఉండేది. బీడీ కనిపించినంతసేపు తెర కింద హెచ్చరిక, సినిమా మొదట్లోనూ మధ్యలోనూ 30 సెకండ్ల ప్రకటన, దానికి తోడు 20 సెకండ్ల డిస్‌క్లైమర్. ఒక్క బీడీకి ఇంత తంతు. బీడీ తీసేసి వక్కాకు నమిలించాం.

ఇంత జాగ్రత్తపడి మేక దగ్గర బోర్లా పడ్డాం.

ద్రౌపది వేషగాడి ఇంటి సీనులో ముసలామె వంటపాక ముందర కూర్చుని మాట్లాడుతుంటుంది. పక్కన గుంజకు కట్టేసిన మేక. అది వాళ్ల మేకే, మేం తెచ్చింది కాదు. మూడు షాట్లు, మొత్తం పదకొండు సెకండ్లు. సినిమాలో జంతువు కనిపిస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి, దానికి షూటింగుకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. యజమాని ఒప్పుకోలు, పశువైద్యుడి సర్టిఫికెట్, ఏ సీనులో ఏం చేయిస్తామో వివరం, అన్నీ జతచేయాలి. షూటింగయ్యాక ఆ క్లిప్పులు చూపించి ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఏనుగులకూ గుర్రాలకే ఈ తిప్పలనుకున్నాం. గుంజకు కట్టిన మేకకు కూడా అని తట్టలేదు. తప్పు మాదే.

సెన్సార్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టడానికి హైదరాబాద్‌లో ఒక ఏజెంటును పట్టుకున్నాం. పేరు చెప్పను, చెప్పాలని నాలుక పీకుతోంది. జంతువులు వాడారా అనేదాని దగ్గర సినిమా చూడకుండానే లేదు అని నింపేశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను. అంతటితో ఊరుకోలేదు. డైలాగు స్క్రిప్టు టైపు చేయించేటప్పుడు మా యాసంతా ‘సరిదిద్దాడు’. తెరమీద ముసలామె ‘యాడికి పోతాండావురా అబ్బోడా’ అంటుంది, కాగితంలో ‘ఎక్కడికి వెళుతున్నావు నాయనా’ అని ఉంటుంది. స్క్రిప్టు అంటే తెరమీద వినిపించే మాట ఉన్నదున్నట్టు ఉండాలి, అది భాషా పరీక్ష కాదు. డెబ్బై పేజీలు తిరిగి టైపు చేశాం. మా మాట తప్పని వాడికెవడు చెప్పాడో!

సినిమా చూసిన కమిటీ మొదట అడిగింది మేక గురించే. ‘జంతువులు లేవని రాసిచ్చారు కదండీ?’ అని నెమ్మదిగానే అడిగారు. ఆ నెమ్మదికే తల కొట్టేసినట్టయింది. కాగితం మీద సంతకం నాది, తెరమీద మేక నాది. ఏజెంటు బయట కాఫీ తాగుతున్నాడు.

షూటింగు ముందరి అనుమతి లేదు కాబట్టి మాకున్న దారి మేకను తీసేయడమే. కెమెరా 3840 బై 2160లో తీసింది, థియేటరుకిచ్చే డిజిటల్ కాపీ, అదే డీసీపీ, 1998 బై 1080. అంటే షాటును దాదాపు రెండింతల దాకా పెంచినా బొమ్మ చెడదు. మేక ఎడమచేతి మూలన ఉంది కాబట్టి రెండు షాట్లు 140 శాతానికి పెంచి దాన్ని ఫ్రేము బయటికి నెట్టాం. పక్క షాట్లు కూడా 110 శాతం దాకా పెంచితేనే బొమ్మ ఎగిరినట్టు కనపడదు. మూడో షాటులో మేక ముసలామె వెనకనుంచి నడుస్తుంది, అది ఎంత పెంచినా పోదు. నాలుగు సెకండ్లు కోసేశాం.

బొమ్మ పోయినా అరుపు మిగిలింది, డైలాగు కింద మూడుసార్లు. అరుపు వినిపిస్తే మేక యాడ అని అడుగుతారు. ముసలామె చేత డబ్బింగ్ చెప్పించబోతే ఒకసారి అన్నమాట రెండోసారి అనదు. ఆఖరికి వాడకుండా వదిలేసిన టేకుల్లోంచి ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా ఏరి అతికించాం. అందుకే చెబుతున్నా, పనికిరాని టేకుల సౌండు కూడా చెరిపేయకండి. ఆ పాక దగ్గర ఎవరూ మాట్లాడకుండా నిమిషంసేపు ఉత్త గాలి చప్పుడు రికార్డు చేసిపెట్టుకోండి. అతుకుల మధ్య పరచడానికి అదే దిక్కు.

నాలుగు సెకండ్లు పోతే నిడివి మారింది. కాగితాల్లో నిడివి మార్చాలి, డీసీపీ కొత్తగా చేయించాలి. డీసీపీకి తాళం వేసుంటే పాత తాళంచెవి కొత్తదానికి పట్టదు, అదీ మళ్లీ తీసుకోవాలి. నారాయణాద్రి ఎక్కి డ్రైవు చేతపట్టుకుని పోయాను, ఈసారి ఏజెంటు లేకుండా.

మళ్లీ చూసినప్పుడు రెండో షాటు అంచున తోక ఊగింది. ల్యాప్‌టాప్‌లో వందసార్లు చూశాం, ఎవరికీ కనపడలేదు. పెద్ద తెరమీద మూరెడు తోక. మళ్లీ 155 శాతం, మళ్లీ డీసీపీ, మళ్లీ రైలు. డీసీపీ తీసుకున్నాక ఊళ్లో ఏదో ఒక థియేటరులో పొద్దున ఆట ముందు వేసి చూసుకోండి. ఆపరేటరుకు టీ డబ్బులిస్తే అయ్యే పని.

యూ సర్టిఫికెట్ వచ్చింది. యూఏ అయితే ఇప్పుడు వయసును బట్టి 7, 13, 16 అని మూడు రకాలు. ఆట మొదట్లో సర్టిఫికెట్ పది సెకండ్లు చూపించాలి, ఆ తర్వాత ఒక్క ఫ్రేము మార్చాలన్నా మళ్లీ వాళ్లకు చెప్పుకోవాలి. ట్రైలరుకు విడిగా సర్టిఫికెట్ కావాలి.

మా ట్రైలరు ఆరునెలల కిందటే కట్ చేసి పెట్టుకున్నాం. ఇందాక తెరిచి చూశాను. మూడో సెకండులో మేక.