టెక్సస్‌లో లైసెన్స్ సస్పెండ్ అయ్యాక ఆఫీసుకు కారు నడపడానికి ఇన్సూరెన్స్: నా అనుభవం

మా ఆయన డ్రైవింగ్ లైసెన్స్‌ను టెక్సస్ డీపీఎస్ (ఇక్కడ లైసెన్సులు చూసే ప్రభుత్వ శాఖ) సస్పెండ్ చేసింది. ఇక్కడ పన్నెండు నెలల్లో నాలుగు మూవింగ్ వయొలేషన్లు (బండి నడుపుతూ చేసే ట్రాఫిక్ తప్పులు) పడితే, లేదా రెండేళ్లలో ఏడు పడితే, లైసెన్స్ ఆపేస్తారు. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, ఆయన ఆఫీసు లాస్ కొలీనాస్‌లో. డాలస్ ప్రజా రవాణా సంస్థ డార్ట్ రైళ్లు, బస్సులు మా ఊరిదాకా రావు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందుకని ఆ కాగితాల పనంతా నేనే మీద వేసుకున్నాను. మనవాళ్లు ఇలాంటివి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని బయటికి చెప్పరు. కొందరు సస్పెండైన లైసెన్స్‌తోనే గుట్టుగా నడిపేస్తారు కూడా. అలా పట్టుబడితే అది క్రిమినల్ కేసు. ఆ సమయంలో ఇన్సూరెన్స్ కూడా లేకపోతే శిక్ష ఇంకా పెద్దది. వీసా మీద ఉన్నవాళ్లు దయచేసి ఆ పని చేయకండి, దీనికి సరైన దారి ఉంది.

ఆ దారి పేరు ఆక్యుపేషనల్ లైసెన్స్. ఉద్యోగానికి, చదువుకి, తప్పనిసరి ఇంటి పనులకి మాత్రమే, కోర్టు చెప్పిన వేళల్లో, కోర్టు చెప్పిన కౌంటీల్లో కారు నడపొచ్చు. కోర్టు ఆర్డర్ ఇస్తుంది, దాన్ని బట్టి డీపీఎస్ లైసెన్స్ ఇస్తుంది. ఈ రెండు చోట్లా అడిగే కాగితం ఎస్ఆర్-22. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ఎస్ఆర్-22 అంటే ఇన్సూరెన్స్ పాలసీ కాదు. ఈ మనిషికి రాష్ట్రం అడిగినంత లయబిలిటీ కవరేజీ (మన వల్ల అవతలి వాళ్లకు జరిగిన నష్టానికి కట్టేది) ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ డీపీఎస్‌కు పంపే సర్టిఫికెట్. ఫైలింగ్‌కు మాకు అయింది పాతిక డాలర్లే. ఖర్చంతా ఆ కాగితం వెనకున్న పాలసీది.

మా ఇద్దరి పేర్లూ ఒకే పాలసీలో ఉండేవి. పాత కంపెనీకి ఫోన్ చేస్తే ఎస్ఆర్-22 మేం ఫైల్ చేయం అన్నారు. కావాలంటే ఆయన్ని పాలసీ నుంచి ఎక్స్‌క్లూడ్ చేసి నన్ను ఉంచుతామన్నారు. అంటే నా ప్రీమియం పెరగదు, కానీ ఆ కారు ఆయన నడిపితే కవరేజీ సున్నా. ఆఫీసుకు వెళ్లాల్సిందే ఆయన కదా! ఆ ఫారం మీద సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత ఒక తెలిసినాయన ఇచ్చిన సలహా వినడానికి చాలా బాగుంది. "అమ్మా, నాన్-ఓనర్ పాలసీ తీసుకోండి, చాలా చవక, ఎస్ఆర్-22 కూడా వెంటనే ఫైల్ చేస్తారు" అన్నారు. అది సొంత కారు లేనివాళ్లు అప్పుడప్పుడు ఎవరిదో కారు తీసుకుని నడిపేటప్పుడు పనికొచ్చే పాలసీ. ఇంట్లో వాళ్ల పేరున ఉన్న కారుకి, రోజూ అందుబాటులో ఉండే కారుకి అది సాధారణంగా వర్తించదు. మా గరాజ్‌లో నా పేరున కారు ఉంది. ఆయన నడపబోయేది అదే. డీపీఎస్ కంప్యూటర్లో ఎస్ఆర్-22 ఉన్నట్టే కనిపిస్తుంది, కోర్టూ ఒప్పుకోవచ్చు. కానీ 121 టోల్‌వే మీద ఏదైనా జరిగితే క్లెయిమ్ కొట్టేస్తారు. లైసెన్స్ కోసం పెట్టే కాగితం, ప్రమాదంలో మనల్ని కాపాడే పాలసీ రెండూ ఒకటే అయి ఉండాలి. ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నాను. చవకగా వస్తోందని వేరే వేరే పెట్టుకోకండి.

చివరికి చాలా కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ తెలుగావిడే, ఓపిగ్గా విన్నారు. కారు అదే, ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఆయన పేరున ఎస్ఆర్-22 ఫైల్ చేస్తారు, అలాంటి కంపెనీ దొరికింది. ప్రీమియం బాగా పెరిగింది. రోజుకి కొన్ని గంటలే నడుపుతారు కదా, తగ్గించరా అని అడిగాను. "వాళ్లు వేళలు చూడరండీ, రికార్డు చూస్తారు" అన్నారావిడ. తగ్గించుకోవాలంటే లయబిలిటీని టెక్సస్ కనీసానికి దించుకోవచ్చన్నారు. ఆ కనీసం 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60 వేలు, అవతలి వాళ్ల ఆస్తి నష్టానికి 25 వేలు. ఇప్పుడు ఒక కొత్త కారుకే పాతిక వేలు చాలవు. లయబిలిటీ పాత లిమిట్స్ అలాగే ఉంచి, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకునే మొత్తం) పెంచుకున్నాం.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. మన ఇంటిపేర్లు, రెండు మూడు ముక్కల పేర్లు ఇక్కడి ఫారాల్లో సరిగ్గా ఇమడవు. మాకు వచ్చిన మొదటి ఎస్ఆర్-22 కాపీలో ఇంటిపేరు మొదటి పేరు గడిలో ఉంది, రెండో పేరు అసలు లేదు. లైసెన్స్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాను కాబట్టి దొరికింది. ఏజెంట్ ఆ రోజే సరిచేయించారు. పేరు, పుట్టినరోజు, లైసెన్స్ నంబరు మూడూ డీపీఎస్ రికార్డులో ఉన్నట్టే ఉండాలి.

కోర్టు పని లాయర్ చూశారు. పిటిషన్‌తో పాటు డీపీఎస్ నుంచి సర్టిఫైడ్ డ్రైవింగ్ రికార్డు, ఎస్ఆర్-22, ఆఫీసు లెటర్ పెట్టాం. మామూలుగా ఇచ్చేది రోజుకి నాలుగు గంటలే, అవసరం చూపిస్తే పన్నెండు దాకా ఇవ్వొచ్చు. అందుకే లెటర్‌హెడ్ మీద పని రోజులు, వేళలు, ఆఫీసు అడ్రసు స్పష్టంగా రాయించాం. పిల్లల స్కూల్, కిరాణా కూడా పిటిషన్‌లో చేర్చాం. ఫ్రిస్కో నుంచి లాస్ కొలీనాస్ వెళ్తే దారిలో కౌంటీలు మారతాయి. కాలిన్, డెంటన్, డాలస్ మూడూ రాయమని లాయర్‌కి ముందే చెప్పాను. ఒక్కటి వదిలేస్తే దారి మధ్యలోనే ఆర్డర్ దాటినట్టవుతుంది. ఆర్డర్ చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. పిటిషన్, ఆర్డర్, ఎస్ఆర్-22, పునరుద్ధరణ ఫీజు వంద డాలర్లు, ఏడాదికి లైసెన్స్ ఫీజు పది డాలర్లు, ఇవన్నీ డీపీఎస్‌కు పంపాలి. అసలు లైసెన్స్ వచ్చేలోపు ఆ ఆర్డరే 45 రోజుల పాటు లైసెన్స్‌గా పనికొస్తుంది.

కారు నడుపుతున్నంతసేపూ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ దగ్గర ఉండాలి. వేళ దాటినా, కాపీ లేకపోయినా క్లాస్ బి నేరమే, ఆ లైసెన్స్ కూడా పోతుంది. మా జడ్జి లాగ్ రాయమన్నారు. తేదీ, బయల్దేరిన టైము, చేరిన టైము, ఎక్కడికి, ఎందుకు. గ్లవ్ బాక్స్‌లో చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టాను. "7.05, ఇంటి నుంచి ఆఫీసుకు, 8.00" అని ఆయన కారు స్టార్ట్ చేసే ముందు సగం, దిగే ముందు సగం రాసేవారు. ఎంత అలసిపోయి వచ్చినా రాయకుండా కారు దిగలేదు.

ప్రీమియం ఆరు నెలలది ఒకేసారి కట్టేశాం. నెలనెలా కడితే ఏదో ఒక నెల కార్డు ఎక్స్‌పైరై పేమెంట్ ఆగిపోవచ్చు. పాలసీ రద్దయిన వెంటనే కంపెనీ డీపీఎస్‌కు ఆ సంగతి తెలిపే ఎస్ఆర్-26 కాగితం పంపిస్తుంది, దాంతో ఆక్యుపేషనల్ లైసెన్స్ కూడా పోతుంది. రెన్యువల్‌కి ఇంకో కంపెనీ తక్కువకు ఇస్తానంటే మారొచ్చు, కానీ కొత్త కంపెనీ ఎస్ఆర్-22 డీపీఎస్ రికార్డులో ఎక్కిందని ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే పాతది క్యాన్సిల్ చేయండి.