కెనోబీ ఎందుకు ఆగిపోయాడు?

మన సినిమాల్లో గురువు పాత్ర చనిపోవాలంటే శిష్యుడి ఒళ్లో తల పెట్టి పావుగంట మాట్లాడి కానీ పోదు. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్‌లో ఓబీవాన్ కెనోబీకి ఆ అదృష్టం లేదు. విలన్ డార్త్ వేడర్‌తో తలపడుతూ, దూరంగా శిష్యుడు ల్యూక్ కనబడగానే చిన్నగా నవ్వుతాడు. కత్తి నిలువుగా పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. వేటు పడ్డాక కింద ఉత్త అంగీలే మిగులుతాయి.

మొన్న హన్మకొండలో మా అక్క కొడుక్కి ఈ సినిమా చూపిస్తే, సరిగ్గా అక్కడే రిమోట్ లాక్కుని ఆపేశాడు. "మామా, గాయన కొట్టకుండ ఎందుకు ఆగిండు? భయపడ్డడా?" పదేళ్ల పిల్లగాడికి ఏం చెప్తాం! భయం కాదురా అన్నాను, వాడికి ఎక్కలేదు. అలిగి అన్నం కూడా సగమే తిన్నాడు.

మొదట రాసుకున్న కథలో కెనోబీ బతికే ఉంటాడు. ఆ పోరాటం తర్వాత ఆయనకు చేయడానికి పనేమీ లేదని షూటింగ్ మధ్యలో దర్శకుడు జార్జ్ లూకస్ మార్చేశాడు. ఆ పాత్ర వేసిన అలెక్ గిన్నిస్ మొదట బాగా నొచ్చుకున్నాడు కూడా. నా లెక్కలో లూకస్ చేసిందే కరెక్టు. పెద్దాయన పక్కనుంటే ల్యూక్ ప్రతిదానికీ ఆయన మొహమే చూసేవాడు. పోయాక గొంతు ఒక్కటే వినిపిస్తుంది, గురి చూసి కొట్టాల్సింది మాత్రం తనే.

1983 భాగంలో ల్యూక్ ఇంకో గురువు యోడా కూడా పోతాడు, 900 ఏళ్లు బతికి, మంచం మీద ప్రశాంతంగా. బాధే, కాదనను. కానీ అక్కడ నాకు ఏడుపు రాలేదు. మీలో ఎవరికైనా వచ్చిందా?