సున్నా పాయింట్ల సీజన్

మెల్‌బోర్న్ స్టార్మ్ అనే రగ్బీ లీగ్ క్లబ్బు అభిమానుల దగ్గర, రద్దయిన 2007, 2009 కప్పుల ఊసెత్తితే వెంటనే వచ్చే మాట ఒకటే: "గ్రౌండ్‌లో గెలిచింది మేమే. ఆఫీసులో కూర్చుని కొట్టేస్తే కొట్టేసుకోమను." నేనూ ఈ క్లబ్బునే నమ్ముకుని ఉన్నవాణ్ణి, ఊదారంగు జెర్సీ లేకుండా మ్యాచ్‌కి వెళ్ళను. అయినా ఆ మాట నా నోట రాదు. ఆ రెండు కప్పులూ మావి కావు. మాది అని నేను గట్టిగా చెప్పుకునేది 2010 సీజన్. పాయింట్ల పట్టికలో అట్టడుగున, సున్నాతో ముగిసిన సీజన్ అది.

ఈ ఆట తెలియని మనవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రగ్బీ లీగ్‌లో జట్టుకి 13 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్ దాకా అవకాశం, ఆరోసారి కూడా పట్టేస్తే బంతి అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాల్సిందే. చేత్తో ముందుకి పాస్ ఇవ్వకూడదు. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ పైన గోల్ కొడితే ఇంకో 2. భీమవరం వైపు కబడ్డీ పోటీలు చూస్తూ పెరిగినవాడికి ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. కూతకొచ్చినవాణ్ణి ఇద్దరు ముగ్గురు కలిసి నడుం దగ్గరా కాళ్ళ దగ్గరా పట్టి పడెయ్యడమే. కాకపోతే ఇక్కడ వచ్చేవాడు వంద కిలోలుంటాడు, పరిగెత్తుకుంటూ వస్తాడు.

నేను చదువుకోడానికి మెల్‌బోర్న్ వచ్చింది 2009లో. ఈ ఊళ్ళో ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలే. రగ్బీ లీగ్ సిడ్నీవాళ్ళదీ బ్రిస్బేన్‌వాళ్ళదీ. స్టార్మ్ 1998లో మొదలై రెండో ఏడే కప్పు కొట్టినా, ఊరికి మాత్రం బయట నుంచి వచ్చిన జట్టే. ఊరికి కొత్తవాణ్ణయిన నాకు ఆ జట్టు నచ్చడానికి అదీ ఒక కారణమే. 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగేళ్ళు గ్రాండ్ ఫైనల్ ఆడారు. కోచ్ క్రెయిగ్ బెలమీ. కెప్టెన్ కామెరాన్ స్మిత్, ఫుల్‌బ్యాక్ బిల్లీ స్లేటర్, హాఫ్‌బ్యాక్ కూపర్ క్రాంక్, వాళ్ళకి తోడు గ్రెగ్ ఇంగ్లిస్. ఇలాంటి నలుగుర్ని ఒకే క్లబ్బు ఎలా పోషిస్తోందని అడిగేవాళ్ళు అప్పటికే ఉన్నారు. జవాబు 2010 ఏప్రిల్ 22న, గురువారం నాడు బయటపడింది.

ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే స్టార్మ్ ఆడే నేషనల్ రగ్బీ లీగ్‌లో, ప్రతి క్లబ్బూ ఆటగాళ్ళ జీతాలకి పెట్టగలిగే ఖర్చు మీద ఒక పరిమితి ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. 2010లో అది 41 లక్షల డాలర్లు. డబ్బున్న క్లబ్బు మంచివాళ్ళందర్నీ ఒక చోటికి లాగేసుకోకుండా ఉండడానికి పెట్టిన నిబంధన అది. స్టార్మ్ ఆఫీసులో మాత్రం రెండు రకాల లెక్కలు నడిచాయి. లీగ్‌కి పంపిన ఒప్పందంలో ఒక అంకె ఉండేది. మిగతాది ఇస్తామని హామీ ఇస్తూ రాసిన ఉత్తరాలు వేరే ఫైల్లో, లీగ్ ఆడిటర్ కంట పడకుండా ఉండేవి. ఐదేళ్ళలో 17 లక్షల డాలర్లు ఎక్కువ ఇచ్చారని మొదట తేలింది. తర్వాత డెలాయిట్ అనే ఆడిట్ సంస్థవాళ్ళు తవ్వితే అది 30 లక్షలు దాటింది.

లీగ్ అధిపతి డేవిడ్ గాలప్ ఆ రోజు శిక్ష చదివాడు. 2007, 2009 కప్పులు రద్దు. 2006, 2007, 2008లో లీగ్ దశలో మొదటి స్థానానికి వచ్చిన బహుమతులూ రద్దు. 5 లక్షల డాలర్ల జరిమానా. ప్రైజ్ మనీ 11 లక్షలు వెనక్కి కట్టాలి, దాన్ని మిగతా 15 క్లబ్బులకీ పంచుతారు. ఆ సీజన్‌లో అప్పటికే సంపాదించిన 8 పాయింట్లు పోయాయి. అన్నిటికన్నా బరువైనది చివర్లో వచ్చింది: మిగిలిన మ్యాచ్‌లన్నీ ఆడి తీరాలి, ఎన్ని గెలిచినా ఒక్క పాయింటూ రాదు. ఆ ఏడాది జట్టు కూడా పరిమితి దాటే ఉంది మరి. సీజన్ మధ్యలో జట్టుని విడగొట్టడం కుదరదు, అలాగని ఆ జట్టుతో గెలిచినవాటికి పాయింట్లిస్తే తప్పుని కొనసాగించినట్టే.

అప్పట్లో నేను పెట్రోల్ బంకులో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. తెల్లవారుజామున పేపర్ల కట్టలు వ్యాన్‌లోంచి గుమ్మం ముందు పడేసి వెళ్ళేవాళ్ళు. ప్లాస్టిక్ బద్దీ కత్తిరించి స్టాండులో సర్దడం నా పని. శుక్రవారం నాడు ఏ కట్ట విప్పినా మొదటి పేజీలో స్టార్మే. ఆరు కాకముందే ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి కాఫీ తీసుకుని, పేపర్ కౌంటర్ మీద పెట్టాడు. పెట్టేటప్పుడు దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. బార్‌కోడ్ వెనక పేజీ మీద లేదు. స్కాన్ చెయ్యడానికి నేను తిప్పకుండా, ధర చేత్తో కొట్టేశాను. ఆయన "థాంక్స్ మేట్" అని, ఆదివారం ఆటకి వెళ్తున్నానన్నాడు. నేనూ వస్తానన్నాను.

ఆదివారం ఏప్రిల్ 25, ఇక్కడ యుద్ధవీరుల్ని తలుచుకునే ఆంజాక్ డే. డాక్‌లాండ్స్ స్టేడియంలో న్యూజీలాండ్ వారియర్స్‌తో మ్యాచ్. అంతకు ముందే బెలమీ ఆటగాళ్ళందర్నీ వెనక నిలబెట్టుకుని మీడియా ముందుకొచ్చాడు. ఎవరూ రారేమో అనుకుంటూ వెళ్ళిన నాకు సదరన్ క్రాస్ స్టేషన్ వంతెన మీదే జనం కనిపించారు. 20 వేలకు పైగా వచ్చారు, ఈ ఊళ్ళో ఈ ఆటకి అది చాలా ఎక్కువ. మన విద్యార్థుల మీద దాడుల వార్తలు ఇంకా ఆగని రోజులవి, చీకటి పడ్డాక రైల్లో ఒంటరిగా వెళ్ళొద్దని ఇంటి నుంచి రోజూ ఫోనొచ్చేది. ఆ రోజు ఆ గుంపులో నాకా భయం గుర్తు రాలేదు. స్టార్మ్ 40–6తో గెలిచింది. పట్టికలో సున్నా సున్నాగానే ఉంది.

ట్రైలు చెయ్యడం నన్నంతగా ఆశ్చర్యపరచలేదు. బంతి చేతిలో ఉంటే పరిగెత్తాలని ఎవరికైనా ఉంటుంది. ఏ లాభమూ లేని మ్యాచ్‌లో ట్యాకిల్ ఎందుకు చెయ్యాలి? ఎదురుగా దూసుకొచ్చేవాడి తొడల మీదకి భుజం ఎందుకు పెట్టాలి? కింద పడి లేచి, పది మీటర్లు వెనక్కి పరిగెత్తి లైన్‌లో నిలబడి, మళ్ళీ ముందుకెందుకు రావాలి? ఆ వేళ నేను స్మిత్‌నే చూస్తూ కూర్చున్నాను. అంత పెద్ద ఒళ్ళేం కాదు అతనిది. ప్రతి రెండు మూడు ట్యాకిల్స్‌లో ఒకదాంట్లో అతనుండేవాడు. అందరికన్నా అడుగున పడి, ఆఖర్న లేచి, పక్కవాణ్ణి చేత్తో తోసి చోటు చూపించేవాడు. పాయింట్లు వచ్చే రోజుల్లో ఎలా చేశాడో అలాగే చేశాడు.

అలా సెప్టెంబర్ దాకా ఆడారు. మధ్యలో అన్నీ జరిగాయి. క్లబ్బు స్వతంత్ర డైరెక్టర్లు శిక్ష మీద కోర్టుకెక్కారు, జులైలో క్లబ్బు యజమాని అయిన న్యూస్ లిమిటెడ్ సంస్థ ఆ డైరెక్టర్లని తీసేసింది. ఏటా రెండు రాష్ట్రాలు తలపడే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో మావాళ్ళున్న క్వీన్స్‌లాండ్ మూడుకి మూడూ గెలిచింది, సిరీస్‌లో ఉత్తముడు మన స్లేటరే. కొత్తగా కట్టిన ఆమీ పార్క్ స్టేడియానికి క్లబ్బు మారింది. కొన్ని వారాలు కాళ్ళు కదల్లేదు, చెత్తగా ఓడారు, దాన్ని నేను తప్పు పట్టను. మొత్తం మీద 24 మ్యాచ్‌ల్లో 14 గెలిచారు. పాయింట్లు లెక్కలోకొచ్చి ఉంటే ఫైనల్స్‌కి వెళ్ళే మొదటి ఎనిమిదిలో తప్పకుండా ఉండేవాళ్ళు. ఆఖరి స్థానం వాళ్ళకిచ్చే ఉడెన్ స్పూన్ చేతికొచ్చింది.

కప్పులు తిరిగివ్వాలనే వాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. టార్నీట్‌లో మా పక్క వీధిలో ఉండే తెనాలి అన్నయ్య ఒకాయనున్నారు. మ్యాచ్‌లకి ఇద్దరం కలిసే వెళ్తాం. "ఆటగాళ్ళేం చేశారురా, తప్పు ఆఫీసువాళ్ళది కదా" అంటారు. "అన్నయ్యా, నేథన్ హిండ్‌మార్ష్ ఏం చేశాడు మరి?" అంటాను. హిండ్‌మార్ష్ పారమాటా ఆటగాడు. 2009 ఫైనల్లో 23–16తో స్టార్మ్ చేతిలో ఓడిన జట్టులో ఉన్నాడు. ఒకే క్లబ్బుకి మూడు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడి, 2012లో కప్పు లేకుండానే రిటైరయ్యాడు. అతను నిబంధన ప్రకారం కట్టిన జట్టుతో వచ్చాడు, మేం దాటి కట్టిన జట్టుతో వచ్చాం. ఆ కప్పు అతనికీ ఇవ్వలేదు, 2007ది ఆ ఫైనల్లో ఓడిన మ్యాన్లీకీ ఇవ్వలేదు. ఆ రెండేళ్ళకీ విజేతలే లేరు. అది సబబే. స్లేటర్ పరుగు నిజమైనదే, నేను కాదనను. అతని పక్కన ఇంకా ముగ్గురు అలాంటివాళ్ళుండడమే అన్యాయం.

సీజన్ అయ్యాక లెక్క సరిచెయ్యడానికి జట్టుని విడగొట్టారు. ఇంగ్లిస్ సౌత్ సిడ్నీకి వెళ్ళిపోయాడు. ర్యాన్ హాఫ్‌మన్ ఇంగ్లాండ్‌లో విగన్‌కి, ఏడెన్ టోల్మన్ సిడ్నీ క్లబ్బు బుల్‌డాగ్స్‌కి. స్మిత్, స్లేటర్, క్రాంక్ మిగిలారు, బెలమీ మిగిలాడు. మరుసటి ఏడాదే పరిమితిలోపు జట్టుతో లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచారు.

2012 గ్రాండ్ ఫైనల్లో ఎదుటి జట్టు బుల్‌డాగ్స్. పదేళ్ళ కిందట, 2002లో, ఇదే క్యాప్ తప్పుకి 37 పాయింట్లు పోగొట్టుకుని అట్టడుక్కి పడి, 2004లో కప్పు కొట్టి లేచిన క్లబ్బు. అందులో మా టోల్మన్. ఇటు, విగన్ నుంచి వెనక్కొచ్చిన హాఫ్‌మన్ మొదటి ట్రై చేశాడు. సగం ఆట అయ్యేసరికి 14–4. మ్యాచ్ అయ్యేసరికీ 14–4. రెండో సగం 40 నిమిషాల్లో ఇరువైపులా ఒక్క పాయింటూ రాలేదు. తెనాలి అన్నయ్య "బోరు కొడుతోందిరా, ఎవరూ ట్రై చెయ్యరేంటి" అంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఆంజాక్ డే నాడు చూసిన లైనే కనిపించింది: పడడం, లేవడం, వెనక్కి పరిగెత్తడం, మళ్ళీ ముందుకి రావడం. ఆ కప్పు మాది.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్ళు క్రికెట్ లేని నెలల్లో ఒకసారి ఆమీ పార్క్‌కి రండి. రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. టికెట్ గోల్ వెనక పై వరసలో తీసుకోండి, లైన్ మొత్తం ఎడమ నుంచి కుడి దాకా కనబడుతుంది. మొదటి పావుగంట బంతి ఎక్కడుందో పట్టించుకోకండి. బంతి లేని 13 మందినీ చూడండి.