రెండు కేబుళ్లున్నా ఒకదాని స్పీడే: ఐస్కజీ మల్టీపాత్‌తో నా అనుభవం

మా డేటాబేస్ సర్వర్ స్టోరేజ్‌ని ఐస్కజీతో (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్కులను వాడుకునే పద్ధతి) వాడుకుంటుంది. ఆ రెంటి మధ్య రెండు గిగాబిట్ లింకులున్నాయి. ఆ లింకులను ఎల్ఏసీపీ అనే ప్రోటోకాల్‌తో బాండ్ చేసి, అంటే ఒకే లింకులా కలిపి ఉంచారు. అయినా బ్యాకప్ స్పీడ్ సెకనుకి 110 ఎంబీ దగ్గరే ఆగిపోయేది. స్విచ్‌లో చూస్తే ఒక పోర్టు నిండుగా ఉంది, రెండోది దాదాపు ఖాళీ.

బాండింగ్ పనిచేసే తీరే అంత. ఏ ప్యాకెట్ ఏ లింకులో వెళ్లాలో అడ్రస్‌లు, పోర్టు నంబర్లతో లెక్కగట్టిన హాష్ అనే సంఖ్య తేలుస్తుంది. ఒక టీసీపీ కనెక్షన్‌లో అవేవీ మారవు, కాబట్టి దాని ప్యాకెట్లన్నీ ఒకే లింకు పట్టుకుంటాయి. ఐస్కజీ సెషన్‌లో మామూలుగా ఉండేది ఒకే కనెక్షన్. ఒక సెషన్‌లో చాలా కనెక్షన్లు పెట్టుకునే పద్ధతి 2004 నాటి ఐస్కజీ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 3720లోనే ఉంది గానీ, లినక్స్‌లో వాడే ఓపెన్ ఐస్కజీ సాఫ్ట్‌వేర్‌లో అది లేదు. నాకు మిగిలింది మల్టీపాత్, అంటే ఒక్కో దారికి ఒక్కో సెషన్ పెట్టి, వాటిని ఒకే డిస్కుగా చూపించే పద్ధతి.

బాండ్ తీసేసి రెండు కార్డులకీ వేర్వేరు సబ్‌నెట్‌లలో ఐపీలు ఇచ్చాను. స్టోరేజ్ వైపున్న రెండు పోర్టల్స్‌కీ (ఐపీ అడ్రస్‌లకీ) లాగిన్ అవగానే ఒకే లన్ (స్టోరేజ్ ఇచ్చే డిస్కు) ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రెండు డిస్కులుగా కనిపించింది. వాటిని నేరుగా మౌంట్ చేయకూడదు, మల్టీపాత్ రెంటినీ కలిపి మ్యాపర్ ఫోల్డర్ కింద చూపించే ఎంపాత్‌ఏ అనే డిస్కునే వాడాలి. ఇంత చేసినా స్పీడ్ పెరగలేదు! మల్టీపాత్ పాలసీ ఫెయిలోవర్‌లో ఉంది, అంటే మొదటి దారి బాగున్నంతసేపూ రెండోదానికి పని ఉండదు. రెండు దారులనూ ఒకేసారి వాడే మల్టీబస్‌కి మార్చాక రెండు పోర్టులూ కదిలాయి, స్పీడ్ 200 దాటింది.

నాకు అసలు టెన్షన్ కేబుల్ పీకే టెస్టులోనే. బ్యాకప్ నడుస్తుండగా ఒకటి పీకాను. రైట్లు ఆగిపోయాయి. రెండో దారి బాగానే ఉన్నా రెండు నిమిషాలకు పైగా ఏమీ కదల్లేదు. ఐస్కజీ సెట్టింగుల్లో రీప్లేస్‌మెంట్ టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 120 సెకన్లు. తెగిన సెషన్ తిరిగొస్తుందేమోనని అంతసేపు ఐస్కజీ ఐఓని (డిస్కు రీడ్లు, రైట్లను) పట్టుకునే ఉంటుంది, మల్టీపాత్‌కి చెప్పదు. దారి ఒక్కటే ఉన్నప్పుడు ఆ ఓపిక మంచిదే, రెండున్నప్పుడు మాత్రం డేటాబేస్ ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని 5కి తగ్గించాను. ఇక్కడ ఒక మెలిక ఉంది: కాన్ఫిగ్ ఫైల్లో మారిస్తే కొత్తగా డిస్కవర్ చేసే టార్గెట్లకే (స్టోరేజ్ వైపు చివరలకే) వర్తిస్తుంది. పాతవాటికి నోడ్ రికార్డులను (ఒక్కో టార్గెట్‌కి సర్వర్‌లో దాచిన సెట్టింగులను) విడిగా అప్‌డేట్ చేసి, లాగౌట్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వాలి.

మళ్లీ పీకాను. పది పదిహేను సెకన్లు తటపటాయించి, బ్యాకప్ సగం స్పీడ్‌తో సాగిపోయింది. కేబుల్ తిరిగి పెట్టగానే ఫెయిల్డ్ అని ఉన్న దారి కాసేపటికి యాక్టివ్ అయింది. రెండో కేబుల్‌ని కూడా అలాగే పీకి చూశాకే సర్వర్‌ని డేటాబేస్ టీమ్‌కి అప్పగించాను.