గెల్మిష్ అనే ఒక్క మాట

ఉదయం భాషాశాస్త్రం, మధ్యాహ్నం అనువాదం, సాయంత్రం గ్రంథాలయంలో చరిత్ర. ప్రపంచ భాషలు, సంస్కృతుల డిగ్రీలో రెండో సంవత్సరం మొదలైనప్పటినుంచి నా మంగళవారాలు ఈ వరుసలోనే నడుస్తున్నాయి. ఈ చదువు పేరు చెప్పగానే ఎన్ని భాషలు వచ్చునని అడుగుతారు. నేను లోతుగా చదువుతున్నది టర్కిష్ ఒక్కటే. మిగిలిన భాషలు ఆ ఒక్కదాన్ని సరిగా చూడడానికి పనికొస్తాయి.

ఉదయం తరగతిలో స్వాహిలీ నామవాచకాలను గురించి విన్నాను. అరబిక్‌లో పుస్తకాన్ని 'కితాబ్' అంటారు. అది టర్కిష్‌లో 'కితాప్' అయింది, స్వాహిలీలో 'కితాబు' అయింది. స్వాహిలీలో 'కి'తో మొదలయ్యే ఒక తరగతి నామవాచకాలకు బహువచనంలో ఆ 'కి' పోయి 'వి' వస్తుంది కనుక, అరబిక్‌లో మూల పదానికే చెందిన ఆ అక్షరాన్ని కూడా స్వాహిలీ వారు తమ ప్రత్యయంగానే భావించి, పుస్తకాలను 'వితాబు' అన్నారు. అరువు తెచ్చుకున్న మాట ఇంతగా సొంతమైపోవడం చూస్తే నాకు ఎంతో సంతోషం కలిగింది.

అనువాద తరగతిలో మాకిచ్చిన కథాభాగం చిన్నదే. ఒక వృద్ధురాలు బయటినుంచి ఇంటికి వస్తుంది, గడప పక్కన తడిసిన గొడుగు కనిపిస్తుంది, ఆమె 'గెల్మిష్' అని ఒక్క మాట అంటుంది. వచ్చినది కొడుకా, మనుమరాలా అన్నది రెండు పుటల తర్వాతగాని తెలియదు.

టర్కిష్‌లో ఒకరు రావడాన్ని కళ్ళారా చూసి చెప్పేటప్పుడు 'గెల్ది' అంటారు. చూడకుండా, ఒకరు చెప్పగా విన్నప్పుడో, ఆనవాలును బట్టి ఊహించినప్పుడో 'గెల్మిష్' అంటారు. మొదటి సంవత్సరంలో నేను రెండింటినీ 'వచ్చాడు' అనే రాసేవాణ్ణి. తర్వాత మన 'అట' గుర్తుకు వచ్చి, ఇంతకాలం దీన్ని నా నోటిలోనే ఉంచుకుని గమనించలేదే అనుకున్నాను, 'మిష్' కనిపించిన ప్రతిచోటా 'అట' చేర్చడం మొదలుపెట్టాను. ఈ రోజు కూడా అలవాటు ప్రకారం 'వచ్చాడట' అని రాశాను. మా ఆచార్యురాలు దానికింద గీత గీసి, "ఆమెకు ఎవరు చెప్పారు?" అని మాత్రం అడిగారు.

ఎవరూ చెప్పలేదు. గొడుగు చెప్పింది. అలాంటప్పుడు తెలుగులో 'వచ్చినట్టున్నాడు' అంటాము. టర్కిష్‌లో ఒకే రూపం మోసే రెండు అర్థాలకు మనకు రెండు వేర్వేరు రూపాలు ఉన్నాయన్నమాట. కాని చిక్కు అక్కడితో తీరలేదు. 'గెల్మిష్' అన్న మాటలో మగా ఆడా అన్న భేదం లేదు. తెలుగు క్రియ ఆ సంగతి చెప్పకుండా కదలదు. 'వచ్చినట్టున్నాడు' అంటే రచయిత రెండు పుటలపాటు దాచినదాన్ని మొదటి వాక్యంలోనే బయటపెట్టినట్టవుతుంది. 'వచ్చినట్టున్నారు' అంటే రహస్యం నిలుస్తుంది, కాని కొడుకునో మనుమరాలినో ఆ వృద్ధురాలు అంత మన్ననగా తలచుకోదు. 'ఎవరో' అని చేరిస్తే ఆమెకు మనిషి తెలియదన్న అబద్ధం వస్తుంది. గంట ముగిసేవరకు నా కాగితం మీద ఆ చోటు ఖాళీగానే ఉంది.

గ్రంథాలయంలో లిపి సంస్కరణ గురించి చదివాను. టర్కీలో 1928లో అరబిక్ లిపిని విడిచి లాటిన్ లిపిని చట్టంగా తెచ్చారు. 1932లో ఏర్పడిన భాషా సంస్థ అరబిక్, పారశీక పదాలను తొలగించి వాటి చోట టర్కిష్ పదాలను నిలిపే పని చేపట్టింది. టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ 1927లో ఆరు రోజులపాటు చేసిన ప్రసంగాన్నే తర్వాతి తరాలకోసం నేటి టర్కిష్‌లోకి మార్చి అచ్చు వేయవలసి వచ్చింది. మా కథలోని వృద్ధురాలు బడిని 'మెక్తెప్' అని, మనుమరాలు 'ఒకుల్' అని ఎందుకు అంటున్నారో అప్పుడు అర్థమైంది. 'మెక్తెప్' కూడా 'కితాప్' పుట్టిన ధాతువునుంచి వచ్చిన అరబిక్ పదమే, 'ఒకుల్' సంస్కరణ కాలంలో దాని స్థానంలోకి వచ్చిన మాట. నేను తెలుగులో నాయనమ్మ చేత 'బడి' అని, మనుమరాలి చేత 'స్కూలు' అని అనిపిద్దామనుకున్నాను. వయసు భేదం తెలుస్తుంది, నిజమే. కాని మనకు పాతది దేశిపదం, కొత్తది అరువు. వారికి సరిగ్గా తలకిందులు. వ్యాకరణం ఎంత వచ్చినా ఈ చరిత్ర తెలియకపోతే ఆ తేడా నా కంటబడేదే కాదు. ఇంతకన్న మంచి జత ఇంకా దొరకలేదు కనుక ప్రస్తుతానికి 'బడి', 'స్కూలు' అలాగే ఉంచాను.

రాత్రి అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నాను. మాటల మధ్యలో ఆగి, "తలుపు చప్పుడైంది, మీ నాన్న వచ్చినట్టుంది, రేపు మాట్లాడతాను" అని పెట్టేసింది.

వచ్చినట్టుంది. నాన్నను ఎప్పుడూ 'వచ్చారు' అనే అమ్మ 'వచ్చినట్టుంది' అన్నది. కొడుకైనా, మనుమరాలైనా ఆ క్రియ మారనక్కరలేదు, మన్నన ప్రసక్తీ లేదు, చూడలేదన్న సంగతి మాత్రం ఉంది. వెంటనే కాగితం తీసి ఆ ఖాళీలో పెన్సిలుతో రాశాను. రేపు తరగతిలో ముందుగా ఇదే చూపించాలి.